అమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన పాస్‌బుక్కులు: చిన్నప్పుడు దాచిన డబ్బు ఇప్పుడు వస్తుందా?

వంశధార (గుణుపురం, ప్రస్తుతం విశాఖ)
నవంబర్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. దీపావళికి గుణుపురం వెళ్లినప్పుడు ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీద నుంచి అమ్మ ట్రంకుపెట్టె దించాం. అడుగున, అమ్మ పెళ్లిచీర మడతల కింద, రబ్బరు బ్యాండు వేసిన చిన్న కట్ట ఉంది. బ్యాండు ఎప్పుడో కరిగి అట్టకు అతుక్కుపోయింది. గోటితో గీకి తీస్తే నా పేరున రెండు పుస్తకాలు.

ఒకటి బ్యాంకు పాస్‌బుక్. నేను రెండో తరగతిలో ఉండగా 1989లో నాన్న తెరిచారు. నేను మైనర్‌ని కాబట్టి గార్డియన్‌గా ఆయన పేరు ఉంది. నాన్న నౌపడా–గుణుపురం చిన్న రైలు లైను మీద పనిచేసేవారు. జీతం వచ్చిన మర్నాడు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బ్యాంకుకు తీసుకెళ్లేవారు. కడ్డీ గుచ్చుకోకుండా తువ్వాలు చుట్టేవారు. పుస్తకంలో వరసగా 20, 20, 15, 20 అని ఉన్నాయి. సంక్రాంతి నెలలో మాత్రం 50. ఆఖరి ఎంట్రీ మార్చి 1996, నిల్వ రూ. 1,340. తర్వాత నా చదువు కోసం విజయనగరం వచ్చేశాం, మళ్లీ ఎవరూ ఆ ఖాతా జోలికి వెళ్లలేదు.

రెండోది బడిలో ఇచ్చిన సంచయిక కార్డు. పావలా, అర్ధరూపాయి, రూపాయి చొప్పున కట్టినవి. మొత్తం రూ. 46.50.

ఇబ్బందులు చాలా ఉన్నాయి. బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయింది. పాస్‌బుక్ మీద జిల్లా కొరాపుట్ అని ఉంది, మాది ఇప్పుడు రాయగడ. పెళ్లయ్యాక నా ఇంటిపేరు మారింది. నాన్న 2011లో పోయారు. ఒక కౌంటర్‌లో అడిగితే, ఇన్నేళ్లు ముట్టుకోని డబ్బు గవర్నమెంటుదైపోతుంది, ఆశ వదులుకోండి అన్నారు.

నిజమేనా? ఎంత వస్తుందన్నది కాదు నా బాధ. నాన్న నైట్ డ్యూటీలు చేసి కట్టిన డబ్బు. నీది కాదు అంటే మనసు ఒప్పుకోవడం లేదు.

---

రుషికుల్య (బరంపురం)
నవంబర్ 2, రాత్రి 10:25

నేను బ్యాంకు ఉద్యోగిని. ముందు ఒక మాట గట్టిగా చెబుతాను: మీకు కౌంటర్‌లో చెప్పింది తప్పు. ఆ డబ్బు మీదే, ఎప్పటికీ మీదే.

అసలు జరిగేది ఇది. రెండేళ్లపాటు ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే సేవింగ్స్ ఖాతాను 'ఇనాపరేటివ్' అంటారు. పదేళ్లు దాటితే అందులోని మొత్తాన్ని బ్యాంకు రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి పంపాలి. దాని పేరు డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్, 2014లో పెట్టారు. మా బ్రాంచిలో అందరం 'డెఫ్' అంటాం. డబ్బు అక్కడికి వెళ్లినా హక్కు ఖాతాదారుదే. మీరు వచ్చి అడిగితే బ్యాంకు ముందు మీకు ఇచ్చేసి, తర్వాత ఆర్‌బీఐ నుంచి తాను రాబట్టుకోవాలి. 'అక్కడినుంచి వచ్చేదాకా ఆగండి' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అడగడానికి ఆఖరు తేదీ కూడా లేదు.

వడ్డీ కూడా వస్తుంది. నిధికి వెళ్లిన రోజు నుంచి సాధారణ వడ్డీ, చక్రవడ్డీ కాదు. 2018 జూన్ 30 దాకా 4 శాతం, అక్కడి నుంచి 3.5, 2021 మే 11 నుంచి 3 శాతం.

నాన్నగారు లేకపోవడం మీ విషయంలో అడ్డు కాదు. ఆయన గార్డియన్ మాత్రమే, ఖాతా మీది. మీకు పద్దెనిమిదేళ్లు నిండిన రోజే ఆ గార్డియన్ పాత్ర అయిపోయింది. కాబట్టి వారసత్వ సర్టిఫికెట్ అంటూ ఎవరైనా తిప్పితే తిరగకండి. అది మీరే అని రుజువు చేస్తే చాలు.

ముందు 'ఉద్గమ్' పోర్టల్‌లో వెతకండి, ఎవరూ అడగని పాత బ్యాంకు డిపాజిట్లు చూపించే వెబ్‌సైట్ అది. 2023 ఆగస్టు 17న ఆర్‌బీఐ తెచ్చింది. ఫోన్ నంబరుతో రిజిస్టర్ అయి, ఖాతాదారు పేరు, బ్యాంకు పేరు ఇచ్చి, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టినతేదీ వీటిలో ఒకటి కొట్టాలి. మీ ఖాతాలో పాన్ ఉండదు కాబట్టి పుట్టినతేదీతో, అదీ కుదరకపోతే అడ్రసుతో ప్రయత్నించండి. పైసా ఖర్చు లేదు. 2024 మార్చికే 30 బ్యాంకులు అందులోకి వచ్చాయి. అయితే అది చూపిస్తుంది, ఇవ్వదు. ఇచ్చేది బ్యాంకే.

బ్యాంకు పేరు మారిందని కంగారు పడకండి. మన పక్క చాలామందికి ఆంధ్రా బ్యాంకులో ఉండేవి, అవి 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. సిండికేట్ అయితే కెనరాలో, విజయా, దేనా అయితే బ్యాంక్ ఆఫ్ బరోడాలో వెతకాలి. మా గంజాం పల్లెల్లో రుషికుల్య గ్రామ్య బ్యాంకు ఉండేది. అది ఉత్కళ్ గ్రామీణ బ్యాంకైంది, అదీ పోయి 2025 మేలో ఒడిశా గ్రామీణ బ్యాంకైంది. ఒకే పాస్‌బుక్‌కు మూడు పేర్లు!

---

కొలాబ్ (జయపురం)
నవంబర్ 2, రాత్రి 11:02

అన్నా, నాదీ ఒక డౌట్. నాకు తొమ్మిదో తరగతిలో స్కాలర్‌షిప్ కోసం బడివాళ్లు జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించారు. 2012 అది. తర్వాత ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వెళ్తే మినిమమ్ బ్యాలెన్స్ లేదని ఎదురు కట్టమంటారని టెన్షన్. నిజంగా కట్టాలా?

---

రుషికుల్య (బరంపురం)
నవంబర్ 3, ఉదయం 7:15

కట్టక్కర్లేదు తమ్ముడూ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇనాపరేటివ్ ఖాతాల్లో మినిమమ్ బ్యాలెన్స్ లేదని ఏ జరిమానా వేయకూడదు. మళ్లీ తెరిచినందుకూ చార్జీ తీసుకోకూడదు. స్కాలర్‌షిప్పు లాంటి ప్రభుత్వ సొమ్ము పడటానికి తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను రెండేళ్లు కదల్లేదన్న కారణంతో ఇనాపరేటివ్ చేయకూడదని కూడా అదే ఉత్తర్వులో ఉంది. మినిమమ్ బ్యాలెన్స్ చార్జీ వల్లనే ఖాతా మైనస్‌లోకి వెళ్లడం 2015 నుంచే నిషేధం. ఆధార్, పాన్ పట్టుకుని దగ్గర్లో ఉన్న ఏ బ్రాంచికైనా వెళ్లు. కేవైసీ అక్కడే తీసుకోవాలి, సొంత బ్రాంచికే పొమ్మనకూడదు.

---

నాగావళి (రాయగడ)
నవంబర్ 3, ఉదయం 8:50

వంశధారమ్మా, నేను పోస్టల్ డిపార్ట్‌మెంటులో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. సంచయిక కార్డు అనగానే నా చేతులకి ఆ వైలెట్ ఇంకు వాసన వచ్చింది.

కొత్తవాళ్లకు తెలియదు గనక చెబుతాను. సంచయిక అంటే బడిలో పిల్లలే నడిపే బ్యాంకు. పిల్లల్లోనే ఒకణ్ణి మేనేజరుగా, ఒకణ్ణి క్యాషియరుగా పెట్టి, పక్కన మాస్టారు కూర్చునేవారు. వారానికోసారి పిల్లలు చిల్లర తెచ్చి కట్టేవారు. ఆ మొత్తాన్ని బడి పేరున ఉన్న ఒకే ఒక సేవింగ్స్ ఖాతాలో వేసేవారు. నా కౌంటర్‌కి ఒక మాస్టారు గుడ్డసంచిలో పావలాలు, పది పైసలు పోసుకుని తెచ్చేవారు. గాజు గ్లాసుతో కొలిచి ఇస్తావా అని మేం హాస్యమాడితే ఆయన ఒప్పుకొనేవారు కాదు. ప్రతి పైసా నా ఎదుట బల్ల మీద పదేసి చొప్పున పేర్చి, లెక్క సరిపోయాకే చలానా మీద సంతకం పెట్టేవారు. అది పిల్లల సొమ్ము, తేడా రాకూడదు అనేవారు.

అందువల్ల ఆ కార్డు మీద ఉన్న నంబరు పోస్టాఫీసు ఖాతా నంబరు కాదమ్మా. అది బడి రిజిస్టరులో నీ వరస నంబరు. పోస్టాఫీసులో నీ పేరున ఏమీ ఉండదు. బడిలో ఆ రిజిస్టరు ఉంటేనే నీ 46 రూపాయల 50 పైసలకి ఆధారం. కష్టమే. కానీ ఒకసారి బడికి వెళ్లి అడుగు. అడగకుండా వదిలేయకు.

ఇక పిల్లల పేరున తల్లిదండ్రులు నేరుగా పోస్టాఫీసులో తెరిచిన ఖాతాల సంగతి వేరు. మూడు పూర్తి ఆర్థిక సంవత్సరాలు వెయ్యడం, తియ్యడం లేకపోతే దాన్ని సైలెంట్ ఖాతా అంటాం. పాస్‌బుక్, కేవైసీ కాగితాలు, ఒక అర్జీ పెట్టి అది ఉన్న పోస్టాఫీసులోనే మళ్లీ బతికించుకోవచ్చు. ఉద్గమ్‌లో పోస్టాఫీసు ఖాతాలు కనబడవు, అక్కడ వెతికి లేదని నిరాశపడకండి. ఏళ్ల తరబడి ఎవరూ రాకపోతే ఆ సొమ్ము సీనియర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫండ్‌కి వెళ్తుంది. ఇనాపరేటివ్ అని ప్రకటించాక ఏడేళ్లు ఆగి పంపుతారు. అప్పటికీ పోయినట్టు కాదు, నిధిలో పడిన నాటి నుంచి 25 ఏళ్ల దాకా అడిగి తీసుకోవచ్చు. బ్యాంకు డబ్బుకు గడువు లేదు, దీనికి గడువుంది. ఆ తేడా మరిచిపోవద్దు.

ఒక జాగ్రత్త. ఇప్పుడు పోస్టాఫీసు సేవింగ్స్‌లో కనీసం 500 ఉండాలి. తక్కువైతే ఆర్థిక సంవత్సరం చివర 50 రూపాయలు కోస్తారు, కోసి కోసి సున్నా అయితే ఖాతా మూతపడుతుంది. చిన్న మొత్తాలవాళ్లు ఆలస్యం చేయకూడదు.

కౌంటర్‌లో కుర్రాడు కంప్యూటర్ చూసి 'లేదు' అంటే వెనక్కి రాకండి. కంప్యూటర్లు రాకముందే నిద్రపోయిన ఖాతాలు పాత లెడ్జర్లలో ఉంటాయి. హెడ్ పోస్టాఫీసులో ఎస్‌బీసీవో అని ఒక విభాగం ఉంటుంది, సేవింగ్స్ లెక్కల తనిఖీ వాళ్ల పని. 'లెడ్జరు చూడండి' అని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, కాపీ మీద సీలు వేయించుకోండి. సీలు పడిన కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నవంబర్ 3, సాయంత్రం 6:30

నేను బడిపంతులమ్మని. మా పిల్లల కాగితాలు చూసి చూసి చెబుతున్నాను, మన సరిహద్దు తెలుగువాళ్లకి అసలు చిక్కు డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి ఫారాల్లో ఇంటిపేరు చివర. గుమాస్తాకి మన ఇంటిపేరు అర్థం కాక, తండ్రి పేరు చివర 'రావు' కనబడితే అదే ఇంటిపేరనుకుని పిల్లకీ తగిలించేస్తాడు. మా అక్క స్కూలు రికార్డులో 'రావు'తో ఉంది, ఓటరు కార్డులో అసలు ఇంటిపేరుతో, ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరుతో. ముగ్గురూ ఒక్కతే.

ఇంకొకటి. ఒడియాలో మన 'వ'ని 'బ' అంటారు. వెంకట రాస్తే బెంకట అవుతుంది. మీ మారుపేరే చూడండి, మన వంశధారని వాళ్లు బంశధారా అంటారు. ఒడియాలో రాసుకున్నదాన్ని చూసి ఇంగ్లీషులో ఎక్కించినప్పుడు 'వి' పోయి 'బి' వచ్చేస్తుంది. కాబట్టి వెతికేటప్పుడు మీకు తెలిసిన మీ పేరుతో ఒక్కదానితోనే వెతకకండి. 'రావు'తో, 'రావు' లేకుండా, 'వి'తో, 'బి'తో, అన్ని రకాలుగా కొట్టి చూడండి.

జిల్లా గురించి కంగారు అక్కర్లేదు. 1992 అక్టోబర్ 2న పాత కొరాపుట్‌ని నాలుగు ముక్కలు చేసి రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి ఏర్పరిచారు. అదే రోజు గంజాం నుంచి మా గజపతి విడిపోయింది. 1989 పాస్‌బుక్ మీద కొరాపుట్ అని ఉండటమే సరి. అర్జీలో ఒక్క వాక్యం రాస్తే చాలు: అప్పటి కొరాపుట్ జిల్లా, ఇప్పటి రాయగడ జిల్లా.

పట్టుకెళ్లాల్సిన కాగితాల్లో అన్నిటికంటే గట్టిది పదో తరగతి సర్టిఫికెట్. పుట్టినతేదీ, తండ్రి పేరు రెండూ ఉంటాయి. పెళ్లి సర్టిఫికెట్, ఆధార్, పాన్ సరే. పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకోండి. అందులో పాస్‌బుక్ మీద ఉన్న పేరు ఉన్నది ఉన్నట్టు, తప్పుతో సహా, ఒక్క అక్షరం కూడా సరిదిద్దకుండా రాయించండి. మా అక్కకి మొదటి అఫిడవిట్ పనికిరాకుండా పోయింది అందుకే. నోటరీ మంచి చేస్తున్నాననుకుని స్పెల్లింగు దిద్దేశారు.

---

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
నవంబర్ 5, మధ్యాహ్నం 2:10

నేను ఎప్పుడూ చదవడమే గానీ రాయను. నాగావళి గారిని ఒక సంగతి అడగాలని రాస్తున్నాను. మేం మహారాష్ట్ర పక్కవాళ్లం, గోదావరి దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ.

మా తమ్ముడి పేరున మా నాన్న 1981లో పోస్టాఫీసు ఖాతా తెరిచారు. అప్పుడు మాది చంద్రపూర్ జిల్లా, 1982 ఆగస్టులో గడ్చిరోలి అయింది. తునికాకు సీజనులో వచ్చిన కూలీలోంచి నాన్న ఏటా కొంత అందులో వేసేవారు. ఆఖరికి రూ. 2,860 ఉంది. తమ్ముడు పంతొమ్మిదేళ్లకు మలేరియాతో పోయాడు. పెళ్లి కాలేదు. ఆ పుస్తకం అమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. నాన్న కూడా పోయారు. అమ్మకిప్పుడు 78. మొన్న తనే తీసి నా చేతిలో పెట్టి, 'వాడి డబ్బు వాడి పేరున బడిపిల్లలకి పుస్తకాలు కొనిపెట్టు' అంది.

నామినీ లేరు. అప్పట్లో తమ్ముడి మరణం రిజిస్టరు చేయించలేదు. అమ్మ వేలిముద్ర వేస్తుంది. అసలు ఇది అయ్యే పనేనా?

---

నాగావళి (రాయగడ)
నవంబర్ 5, రాత్రి 7:45

అయ్యే పనే అమ్మా. మీ అమ్మగారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పెళ్లికాని కొడుకు వీలునామా లేకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి వరస వారసురాలు తల్లి. అందుచేత అర్జీ నీ పేరున కాదు, అమ్మ పేరున పెట్టాలి. నామినీ లేకపోయినా, మొత్తం 5 లక్షల లోపయితే, మరణించి ఆరు నెలలు దాటితే, కోర్టు నుంచి వారసత్వ పత్రం తేనక్కర్లేదు. క్లెయిమ్ ఫారంతో పాటు అఫిడవిట్, ఇండెమ్నిటీ బాండు (తర్వాత వేరే హక్కుదారు వస్తే నష్టం మేమే భరిస్తామన్న పత్రం) ఇస్తే పోస్టాఫీసు స్థాయిలోనే తేలుస్తారు. వేలిముద్రకి ఇబ్బంది లేదు, సాక్షులు ఉండాలి. అమ్మగారి పేరున ఒక ఖాతా ఉంటే సొమ్ము అందులో వేస్తారు.

నీకు అసలు పని మరణ ధ్రువపత్రం. ఏడాది దాటిన మరణాన్ని రిజిస్టరు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ముందు కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇవ్వవచ్చు. ముందుగా గ్రామ పంచాయతీ నుంచి 'మా రిజిస్టరులో ఈ మరణం నమోదు కాలేదు' అని కాగితం తీసుకో. బడి వదిలిన సర్టిఫికెట్, పాత రేషన్ కార్డులో తమ్ముడి పేరు కొట్టేసిన పేజీ, ఆసుపత్రి చీటీ, ఏది దొరికితే అది జతచెయ్యి.

ఇది నెల రోజుల్లో అవుతుందని చెప్పను. కానీ ప్రతి మెట్టుకీ దారి ఉంది. ఏ మెట్టు దగ్గర ఆగినా ఇక్కడ రాయి, నేనున్నాను.

---

కొలాబ్ (జయపురం)
నవంబర్ 8, ఉదయం 11:20

బ్యాంకుకు వెళ్లొచ్చాను. రుషికుల్య అన్న చెప్పినట్టే ఒక్క పైసా అడగలేదు. కేవైసీ తీసుకున్నారు, నాలుగు రోజుల్లో ఖాతా తెరుచుకుంది. లోపల రూ. 1,850 ఉన్నాయి! నేను తీసుకోకుండా వదిలేసిన రెండో ఏడాది స్కాలర్‌షిప్ అది.

ఇంకోటి చెప్పాలి. బజారులో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో ఒకాయన 'పాత ఖాతాల డబ్బు తెప్పిస్తాం, వచ్చినదాంట్లో 20 శాతం మాది' అంటున్నాడు. మా పిన్నిని ఆధార్ ఫొటో, ఓటీపీ అడిగాడు. ఇలాంటివాళ్లు నిజంగా తెప్పిస్తారా?

---

రుషికుల్య (బరంపురం)
నవంబర్ 8, మధ్యాహ్నం 1:05

వద్దు! పిన్నిగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. ఓటీపీ ఇచ్చి ఉంటే వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఉద్గమ్ ఉచితం, క్లెయిమ్ ఉచితం, ఖాతా తెరవడం ఉచితం. ఇందులో ఏజెంటుకి పని లేదు. 'మీ పేరున పాత డిపాజిట్ ఉంది, ఈ లింకు నొక్కండి' అని వచ్చే మెసేజ్‌లు కూడా ముట్టుకోవద్దు. ఏ బ్యాంకూ ఈ డబ్బు కోసం ఓటీపీ అడగదు.

2025 అక్టోబర్ 4న గాంధీనగర్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 'మీ సొమ్ము, మీ హక్కు' అనే ప్రచారం మొదలుపెట్టారు. 2025 డిసెంబర్ దాకా జిల్లాల్లో శిబిరాలున్నాయి. బ్యాంకులు, బీమా కంపెనీలు అన్నీ ఒకే చోట కూర్చుంటాయి. లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులన్నిటి పనినీ కలిపి చూసే బ్యాంకు) ఆఫీసులో అడిగితే మీ జిల్లా తేదీ చెబుతారు. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లడం ఏజెంటు దగ్గరికి వెళ్లడం కన్నా వెయ్యిరెట్లు మేలు.

---

వంశధార (గుణుపురం, ప్రస్తుతం విశాఖ)
నవంబర్ 9, రాత్రి 10:50

దొరికింది!

మూడు రాత్రులు వెతికాను. నా పేరుతో ఏమీ రాలేదు. ఇంటిపేరు ముందు పెట్టాను, వెనక పెట్టాను, తీసేశాను, రాలేదు. ఇవాళ మహేంద్రతనయ అక్క చెప్పింది గుర్తొచ్చి 'వి' తీసి 'బి' పెట్టి, చివర 'రావు' తగిలించి, పుట్టినతేదీ కొట్టాను. ఒక్క వరస వచ్చింది. సగం చుక్కలతో కప్పేసిన అడ్రసు, చివర గుణుపురం. పక్కన రిఫరెన్సు నంబరు. మా ఆయన్ని నిద్రలేపి చూపించాను.

ఆ పేరుతో నన్ను ఈ ప్రపంచంలో ఎవరూ పిలవలేదు. అయినా అది నేనే.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
నవంబర్ 10, ఉదయం 6:40

చాలా సంతోషం తల్లీ. అఫిడవిట్‌లో ఆ 'బి', ఆ 'రావు' రెండూ ఉండాలి, మరవకు. ఆ స్క్రీన్ ప్రింటు తీసుకుని వెళ్లు.

---

రుషికుల్య (బరంపురం)
నవంబర్ 10, ఉదయం 9:00

పాత బ్రాంచికే వెళ్లాలని లేదు, కానీ వీలైతే వెళ్లండి. సంతకాల రికార్డు అక్కడ త్వరగా దొరుకుతుంది. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు, దానికీ ఖర్చు లేదు. వివరాలకి 14448కి ఫోన్ చేయండి.

---

వంశధార (గుణుపురం, ప్రస్తుతం విశాఖ)
డిసెంబర్ 6, రాత్రి 8:15

ఎక్కువ రోజులు రాయనందుకు ఏమీ అనుకోకండి. రెండుసార్లు గుణుపురం వెళ్లాల్సి వచ్చింది.

మొదటిసారి కౌంటర్‌లో అమ్మాయి కాగితాలన్నీ చూసి, పేరు తేడా ఉంది కాబట్టి మేనేజరు చూడాలంది. మేనేజరు ఒడియా ఆయన. అఫిడవిట్ చదివి, పదో తరగతి సర్టిఫికెట్‌లో నాన్న పేరు చూసి, గార్డియన్ సంతకం ఒకసారి సరిచూద్దాం అన్నారు. పాత కార్డులు స్కాన్ చేసి పెట్టినవి కంప్యూటర్‌లో ఉన్నాయట. కాసేపు వెతికి, స్క్రీన్ నా వైపు తిప్పారు.

అడ్డంగా మరకపడిన లేత పసుపు కార్డు. ఒడియాలో, ఇంగ్లీషులో అచ్చు. కింద గార్డియన్ సంతకం అన్న చోట తెలుగులో నాన్న సంతకం. మొదటి అక్షరం తలకట్టు పొడుగ్గా లాగి, చివర కింద రెండు చుక్కలు. ఇంట్లో నా ప్రోగ్రెస్ కార్డుల మీద చూసిన సంతకమే. ఆయన చెయ్యి గట్టిగా నొక్కి రాసేది, ఆ చుక్కల దగ్గర ఇంకు ఊరింది కూడా కనిపిస్తోంది. మేనేజరుకు తెలుగు చదవడం రాదు. 'ఇది మీ నాన్నగారిదేనా' అని అడిగారు. నోట మాట రాలేదు, తల ఊపాను. నేను కుదుటపడే దాకా ఆయన స్క్రీన్ అలాగే ఉంచారు.

రెండోసారి వెళ్లినప్పుడు డబ్బు నా ఖాతాలో వేశారు. 2014లో నిధికి వెళ్లేనాటికి వడ్డీతో రూ. 2,610 అయింది. అక్కడి నుంచి వడ్డీ రూ. 1,031. మొత్తం రూ. 3,641. పాత పాస్‌బుక్ మీద 'క్లోజ్డ్' అని ముద్ర వేసి, అడిగితే నాకే ఇచ్చేశారు.

బడికీ వెళ్లాను నాగావళి గారూ. పెద్ద పంతులుగారు బీరువా తీయించారు. ఆ ఏళ్ల రిజిస్టర్లు చెదలు తినేశాయి, సంచయిక ఖాతా ఎప్పుడో మూసేశారట. 46 రూపాయల 50 పైసలకి ఇక దారి లేదు. కార్డు మాత్రం దాచుకున్నాను.

---

నాగావళి (రాయగడ)
డిసెంబర్ 6, రాత్రి 9:30

అడిగి వచ్చావు, అది చాలమ్మా. ఆ కార్డు వెనక క్యాషియరు సంతకం ఎవరిదో చూశావా? మీ క్లాసు పిల్లే అయి ఉంటుంది.

---

వంశధార (గుణుపురం, ప్రస్తుతం విశాఖ)
డిసెంబర్ 6, రాత్రి 9:52

ఇప్పుడే చూశాను. నా పక్క బెంచీ అమ్మాయి. ఒడియాలో సంతకం పెట్టింది. పెళ్లయి భవానీపట్నంలో ఉందని విన్నాను. రేపు నంబరు కనుక్కుంటాను.

---

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
డిసెంబర్ 11, ఉదయం 10:05

వంశధార గారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

పంచాయతీ కాగితం వచ్చింది. తమ్ముడి బడి సర్టిఫికెట్ కూడా దొరికింది, అందులో పుట్టినతేదీ, నాన్న పేరు ఉన్నాయి. మేజిస్ట్రేటు ఆఫీసులో అర్జీ తీసుకుని, ఇద్దరు సాక్షులతో వచ్చే మంగళవారం రమ్మన్నారు. తమ్ముడిని మోసిన నలుగురిలో ఇద్దరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. వస్తామన్నారు. అమ్మ కూడా వస్తానంటోంది. పోస్టాఫీసు పుస్తకాన్ని చీర చెంగున కట్టుకుని సిద్ధంగా ఉంది.